బావి ఏమందంటే

నాగవేణి గుప్పిట్లో మెమరీ కార్డు ఉంది. బొటనవేలి గోరంత ముక్క. మార్కాపురం బస్టాండు వెనక సందులో, ఖాదర్ మాస్టరు వీడియో స్టూడియో గడప బయట నిలబడి, లోపలికి అడుగు వేయలేక ఆ ముక్కను నలుపుతోంది. వాన పడుతోంది. గొడుగు చంకలోనే ఉంది. విప్పాలన్న ధ్యాస లేదు.

"తడిసేది నువ్వయితే ఫరవాలేదు. చేతిలోది కూడా తడుస్తోంది," అన్నాడు మాస్టరు లోపల్నుంచి.

ఆయన తలెత్తలేదు. ట్రైపాడు కాలుకు మర బిగిస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు, ఉరుసులు, తిరునాళ్లు వీడియో తీశాడు. మోకాళ్లు మొరాయించాక కెమెరా నాగవేణి చేతికిచ్చి, తను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఆయన దగ్గర చేరి ఆరేళ్లయింది.

నాగవేణి లోపలికొచ్చి కార్డు బల్ల మీద పెట్టింది.

"మాస్టరూ, వెంగమాంబ టీచరు కథ రాలేదు. పదకొండు నిమిషాలే ఉంది."

మర తిప్పే చెయ్యి ఆగింది.

వెంగమాంబ టీచరు అంగన్‌వాడీలో ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు అన్నం తినిపించిన మనిషి. ఊరికే తినిపించలేదు, కథ చెప్పి తినిపించింది. ముద్దకో గొంతు మార్చేది. కాకి గొంతు ఒక ముద్ద, ముసలవ్వ గొంతు ఒక ముద్ద, రైలు గొంతు ఒక ముద్ద. నాగవేణి కూడా ఆ ముద్దలు తిన్న పిల్లే.

ఆ గొంతులోనే టీచరుకు కేన్సరు పుట్టింది. ఒంగోలులో ఆపరేషను. స్వరపేటిక తీసేస్తేగానీ ప్రాణం నిలవదన్నారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. సోమవారం పొద్దునకు ముహూర్తం కుదిరింది.

శుక్రవారం నాడు టీచరు కూతురు స్వరూప నాగవేణిని పిలిపించింది. "మా యశ్వితకు నాలుగేళ్లు. పెద్దయ్యాక అమ్మమ్మ గొంతు ఎట్టా ఉండేదో దానికి గుర్తుండదు. ఒక్క కథ తీసిపెట్టు వేణీ, అంతకన్నా ఏం అడగను," అంది.

ఇవాళ సోమవారం. మధ్యాహ్నం రెండయింది. ఒంగోలులో ఆపరేషను అయిపోయింది.

"శనివారం తీసింది శనివారం చూడలేదా?" అన్నాడు మాస్టరు.

"నిన్న పెళ్లి ఉండె. తెల్లారుజామునే పోవాల్సి వచ్చింది. ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నా."

మాస్టరు కార్డును లుంగీ అంచుతో తుడిచి కంప్యూటరులో పెట్టాడు. తెర మీద టీచరు కనిపించింది. నీలం చీర, మెడ చుట్టూ తువ్వాలు. బొమ్మ ఎంత తేటగా ఉందంటే, కంటి కింద ముడతలు లెక్కపెట్టొచ్చు. గొంతు కాస్త బొంగురుపోయింది, అయినా టీచరు గొంతే.

కథ ఒక మేకపిల్లది. దాని మెడలో గంట ఎక్కడో జారిపోయింది. తల్లి దగ్గరికి గంట లేకుండా ఎట్టా పోవడం? వెతుక్కుంటూ పలకల గుట్ట ఎక్కింది. తుమ్మ చెట్టునడిగింది. రాళ్లు కొట్టే ఆయన్నడిగింది. చీకటి పడేవేళకు పాడుబడ్డ బావి దగ్గరికొచ్చి, లోపలికి తొంగి, "బావీ బావీ, నా గంట నీ దగ్గరుందా?" అని అడిగింది.

తెర మీద టీచరు పక్కనున్న ఇత్తడి బిందె దగ్గరికి లాక్కుంది. కళ్లు పెద్దవి చేసింది.

"అప్పుడు బావి ఏమందంటే..."

బొమ్మ ఆగిపోయింది. పదకొండు నిమిషాల పదిహేడు సెకన్లు.

మాస్టరు ఆ ఆగిన ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"మిగతాది లోపల ఎక్కడన్నా దాగి ఉంటది మాస్టరూ. చెరిగిపోయినవి కూడా తీసేవాళ్లున్నారు గదా, గుంటూరులో ఎవరో ఉన్నారంటగా..."

"పలక మీద రాసి చెరిపితే, వెలుగుకు పట్టి చూస్తే జాడన్నా కనపడుద్ది. అసలు రాయనిది ఎక్కడ వెతకమంటావు?"

"మొత్తం యాభై రెండు నిమిషాలు తీశాను మాస్టరూ!"

"నువ్వు తీశావు. అది రాసుకోలేదు. ఆగిన సంగతి చూసుకోలేదా?"

చూసుకోలేదు. యశ్విత మాటిమాటికీ కెమెరా తెరలో అమ్మమ్మను చూడ్డానికి పరిగెత్తుకొస్తుంటే, నాగవేణి తెర మడిచేసింది. తీస్తున్నంతసేపూ కెమెరా ముందు వెలిగే ఎర్ర దీపానికి ఎలాగూ నల్ల అట్ట అతికించి ఉంది. అది చూస్తే మనుషులు బిగుసుకుపోతారని మాస్టరు స్టూడియోలో మొదట్నుంచీ ఉన్న అలవాటు.

"దీపానికి అట్ట వేయమన్నది వాళ్ల కోసం. నీ కళ్లకు కాదు," అన్నాడు మాస్టరు.

ఆమె తల వంచుకుంది. కాసేపటికి ఆ వంచిన తలలోంచే రోషం వచ్చింది.

"నేను చవకది కొనలేదు మాస్టరూ! ఇదిగో కార్డు వచ్చిన అట్ట. రెండొందల యాభై ఆరు జీబీ. స్పీడు నూట డెబ్బై. మీ చిల్లర కార్డుల మీద అసలు అంకెలే కనపడవు. ఇంతకన్నా పెద్దది బజార్లో లేదు. ఇంకేం కొనాలి నేను? మీరే చెప్పండి, ఏ కార్డు కొనాల్సింది?"

శుక్రవారం నాడు మాస్టరు చెప్పే ఉన్నాడు. "పాత కార్డులు నాలుగు పట్టుకుపో. మామూలు హెచ్‌డీలో తీయి. పావుగంటకోసారి మార్చు," అని. ఆమె నవ్వింది. "టీచరును మధ్యమధ్య ఆపమంటారా మాస్టరూ? కొత్త కెమెరా ఉందిగా, ఫోర్‌కేలో తీస్తా, బొమ్మ ఇంకా తేటగా వస్తది. కార్డు కూడా కొత్తది తెస్తున్నా, పెళ్లి పెళ్లంతా పట్టుద్ది," అంది. ఆయన ఒక్కటే అడిగాడు. "గడియారానికి చూపించావా?"

ఆ మాట బయటివాళ్లకు అర్థం కాదు. ఖాదర్ మాస్టరు దగ్గర కొత్త కార్డు ఏదొచ్చినా, అది మనుషుల ముఖం చూడకముందు గోడ గడియారం ముఖం చూడాలి. ఏ పనికి వాడతామో ఆ పద్ధతిలోనే కెమెరా పెట్టి, కార్డు నిండిందాకా గడియారాన్ని తీయాలి. తర్వాత ఆ బొమ్మంతా వేసి చూడాలి. ముల్లు ఎక్కడన్నా ఎగిరిందా, ఎక్కడన్నా ఆగిందా అని. "ఏంది సాయిబూ, గడియారం సినిమా ఎన్నో వారం?" అని ఎదుటి జిరాక్సు షాపు కొండయ్య ఎగతాళి చేసేవాడు. నాగవేణి మీట నొక్కేసి టీకి పోయేది. ఈసారి అదీ చేయలేదు. టైము లేదంది.

ఇప్పుడు ఏ కార్డు కొనాల్సిందని ఆమె అడిగితే మాస్టరు ఆ కార్డు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. గోడ పట్టుకుని లేచి వసారాలోకి నడిచాడు.

మార్కాపురంలో నీళ్లకు ఎప్పుడూ కటకటే. వాన పడితే ఇళ్లలో ఉన్న పాత్రలన్నీ చూరు కిందికొస్తాయి. స్టూడియో చూరుకు గొట్టం ఉంది. దాని కింద పెద్ద నీలం డ్రమ్ము. డ్రమ్ముకు పైన మర మూత, మూత తీస్తే అరచేయంత సందు. గొట్టంలోంచి నీళ్లు దూకుడుగా పడుతున్నాయి. సందులోకి పోయేది కొంత. మిగతాదంతా డ్రమ్ము నెత్తిన కొట్టుకుని, చిట్లి, కాలవలోకి పోతోంది.

"జరుపు," అన్నాడు మాస్టరు.

నాగవేణి డ్రమ్మును పక్కకు లాగింది. ఆయన స్నానాల బకెట్టు తెచ్చి గొట్టం కింద పెట్టాడు. వెడల్పు మూతి. ఒక్క చుక్క బయటికి పోలేదు. నిమిషంలో నిండింది. అది తీసి ఇంకొకటి పెట్టాడు. అదీ నిండింది. వంగి తీయబోతే నడుము పట్టేసింది. నాగవేణి చప్పున అందుకుంది. ఆయన పక్కకు జరిగి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె బకెట్టు తీస్తోంది, బకెట్టు పెడుతోంది. నాలుగు నిండాయి.

"డ్రమ్ములో ఎన్ని పడతాయి?"

"రెండొందల లీటర్లు."

"పొద్దుట్నుంచీ గొట్టం కిందే ఉంది. చూడు."

సందులోంచి చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు దాటిందాకా తడి తగల్లేదు. మోచేయి దాకా పెడితే వేళ్లు మునిగాయి. పొద్దుట్నుంచీ పడ్డా డ్రమ్ము సగమే నిండింది.

ఆమె చెయ్యి బయటికి తీసి తుడుచుకుంది. తర్వాత లోపలికి పోయి, బల్ల సొరుగులోంచి భూతద్దం తీసింది. కార్డును దాని కింద పెట్టింది. నూట డెబ్బై అన్న అంకె మీద కాదు, మూలల్లో వెతికింది. దొరికింది. సీ అక్షరం, దాని కడుపులో పది. అంతే. ఇంకే గుర్తూ లేదు.

పెద్ద అంకె, కార్డులో ఉన్న బొమ్మను కంప్యూటరులోకి లాక్కునేటప్పటి వేగం. అదీ అన్నీ కుదిరితే. వీడియో తీసేటప్పుడు కావాల్సింది ఆగకుండా లోపలికి రాసుకునే వేగం. ఆ హామీ ఎప్పుడూ చిన్న అంకెగా, మూలన ఉంటుంది. కడుపులో పది అంటే సెకనుకు పది మెగాబైట్లు తగ్గకుండా రాస్తానని ఒప్పుకోలు. కొత్త కెమెరా ఫోర్‌కేలో సెకనుకు పన్నెండు మెగాబైట్ల పైన పంపుతుంది. కార్డు మొదట్లో ఉరికింది, పదకొండు నిమిషాలు లాగింది, తర్వాత కూలబడింది. వీ అక్షరం పక్కన ముప్పై ఉన్న కార్డు కావాల్సింది. మాస్టరు చిల్లర కార్డులకున్నదీ పదే. కానీ మామూలు హెచ్‌డీకి అందులో సగం కూడా అక్కర్లేదు.

"అర్థమైంది మాస్టరూ," అంది నాగవేణి. "ఈ తప్పు ఇంక జన్మలో చేయను. ఏ కార్డు కొనాలో తెలిసింది."

"మంచిది." ఆయన స్టూలు మీద కూర్చుని మళ్లీ మర అందుకున్నాడు. "బావి ఏమంది?"

"ఏంది మాస్టరూ?"

"మేకపిల్ల అడిగింది గదా. బావి ఏమంది? కార్డు పదకొండు నిమిషాలకే ఆగింది. నువ్వు యాభై రెండు నిమిషాలూ అక్కడే ఉన్నావుగా."

నాగవేణి భూతద్దం బల్ల మీద పెట్టింది.

శనివారం ఆ గదిలో జరిగిందంతా ఆమెకు కళ్లకు కట్టినట్టుంది. టీచరు గాజులు మైకుకు తగులుతున్నాయని తీయించింది. కిటికీ మీదికి మబ్బొస్తే తెల్ల దుప్పటి అడ్డం కట్టింది. టీచరు బిందెలోకి వంగి బావి గొంతుతో ఏదో అంది. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లో గుయ్యిమంది. ఏంది టీచరిట్టా చేస్తుంది అని విసుక్కుని మైకు మీట రెండు గీతలు తగ్గించింది. రెండు గీతలు. అది కూడా గుర్తుంది.

బిందెలోకి టీచరు ఏమందో గుర్తులేదు. ఆ తర్వాత మేకపిల్ల ఎటు పోయిందో, గంట దొరికిందో లేదో, ఏదీ గుర్తులేదు.

మాస్టరు ఆఖరు చుట్టు తిప్పాడు. మర బిగుసుకుంది. ట్రైపాడు కాలు నేలకు తాటించి చూసి, గోడకు ఆనించాడు.

"టీచరు ఇంటికొచ్చాక పోయి చెప్పు."

"మీరూ రండి మాస్టరూ."

"కార్డు కొనేటప్పుడు పిలిచావా?"

అన్నాడే గానీ, పన్నెండు రోజుల తర్వాత ఆమె స్కూటరు తీస్తుంటే, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి వెనక కూర్చున్నాడు.

వెంగమాంబ టీచరు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. సగానికి సగం అయిపోయింది. మెడ కింద చిన్న గొట్టం, దాని మీద తడి గుడ్డ. ఒళ్లో పలక, పలక మీద బలపం. మార్కాపురం రాతి పలకే. చెక్క అంచు.

నాగవేణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కార్డు సంగతి, తెర మడిచిన సంగతి, ఏదీ దాచలేదు.

స్వరూప ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత గొంతు లేచింది. "పదకొండు నిమిషాలా? కార్డంట! ఆ రోజు డాక్టరు మాట్లాడొద్దన్నా మా అమ్మ గంట మాట్లాడింది. రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగింది. దేనికి? ఇంకోసారి తీస్తానంటావా? తీయి. ఇదిగో కూర్చోనుంది. తీయి!"

టక్ మని చప్పుడు. టీచరు పలకను మంచం పట్టె మీద కొట్టింది. స్వరూప ఆగింది. టీచరు బలపంతో రాసి నాగవేణి వైపు తిప్పింది.

*ఉన్నది పెట్టు.*

తెచ్చిన ల్యాప్‌టాప్‌లో పెట్టారు. యశ్విత పరిగెత్తుకొచ్చి తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా కూర్చుంది. తెరలో అమ్మమ్మ మాట్లాడుతుంటే, వెనక్కి తిరిగి మంచం మీద అమ్మమ్మను చూసింది. మళ్లీ తెర చూసింది. తుమ్మ చెట్టు గొంతుకు నవ్వింది. రాళ్లు కొట్టే ఆయన దగ్గుకు నవ్వింది.

"అప్పుడు బావి ఏమందంటే..."

ఆగింది.

"బావి ఏమంది?" అంది యశ్విత.

వేలితో తెర మీద తట్టింది.

"అమ్మమ్మా, బావి ఏమంది?"

టీచరు పెదాలు కదిలాయి. మెడ దగ్గర గుడ్డ కాస్త లేచి పడింది, అంతే. ఆమె బలపం తీసుకుని రాసింది. ఆ పిల్లకు ఇంకా చదవడం రాదు. టీచరు పలకను నాగవేణికి అందించింది.

నాగవేణి చదివింది. "నీ గంట నా దగ్గర లేదు. నీ అరుపు ఉంది. తీసుకో. మీ అమ్మకు అది చాలు."

యశ్విత ఆమె ముఖం వైపు కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"కాదు. బావి అట్టా మాట్లాడదు."

"ఇదేనమ్మా, అమ్మమ్మ రాసింది."

"బావి లోపల్నుంచి మాట్లాడుద్ది. నువ్వు పైనుంచి చెబుతున్నావు." పిల్లకు కోపం వచ్చింది. "ఆ రోజు నువ్వూ ఉన్నావుగా అక్కా. అమ్మమ్మ ఎట్టా అందో నువ్వట్టానే అను."

నాగవేణి మూలనున్న ఇత్తడి బిందె వైపు చూసింది. లేచి పోలేదు.

టీచరు చెయ్యి చాపి పలక వెనక్కి తీసుకుంది. మణికట్టుతో నెమ్మదిగా చెరిపింది. పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. గదిలో ఇంక ఒకటే వినపడుతోంది. గొట్టంలోంచి లోపలికి పోయే గాలి, బయటికొచ్చే గాలి.

మాస్టరు ఇంతసేపూ గుమ్మం దగ్గరే ఉన్నాడు. వచ్చి ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాడు. టీచరుకు చేతులు జోడించాడు.

మర్నాడు ఎనిమిదింటికి మాస్టరు తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి స్టూడియో తలుపు తీసే ఉంది. గోడ గడియారం ముందు ట్రైపాడు, ట్రైపాడు మీద కొత్త కెమెరా, తెర విప్పి ఉంది. బల్ల మీద కొత్త కార్డు తాలూకు చింపిన అట్ట. మూలన వీ అక్షరం, పక్కన ముప్పై.

నాగవేణి స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"ఎప్పుడు పెట్టావు?"

"ఆరున్నరకు."

"నిండాలంటే ఐదు గంటలు."

"తెలుసు మాస్టరూ."

"టీ?"

ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

మాస్టరు ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎదుటి షాపులోంచి కొండయ్య తొంగి చూసి, "ఏంది సాయిబూ, ఇవాళ ఇద్దరు ప్రేక్షకులా?" అని అరిచాడు. ఇద్దరూ తిరిగి చూడలేదు. వాన మళ్లీ పట్టింది.

చాలాసేపటికి నాగవేణి అంది, "మాస్టరూ, సెకన్ల ముల్లు తొమ్మిది దాటి పైకెక్కేటప్పుడు చిన్నగా గీసుకుంటోంది. విన్నారా?"

"ముప్పై ఏళ్ల నుంచీ," అన్నాడు ఆయన.